పవర్ పోయాలా, మామూలుది చాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. పరకాల దగ్గర స్కూల్లో టీచర్‌ని. రోజూ పోను రాను డెబ్బై కిలోమీటర్లు నా కారులోనే వెళ్తాను. 2021 వ్యాగన్ఆర్, 1.2 పెట్రోల్ ఇంజిన్. మొదట్లో లీటరుకు 19 వచ్చేది, ఈ మధ్య 17 దాటడం లేదు. పికప్ కూడా తగ్గినట్టుంది. బంకుకు పోతే చాలు, "మేడం, పవర్ పోయాల్నా, నార్మలా?" అని అడుగుతున్నారు. పవర్ పోయిస్తే ఇంజిన్ క్లీన్ అవుతుంది, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ గొడవ ఉండదు అని మా మరిది చెప్తే నాలుగు నెలలుగా అదే పోయిస్తున్నాను. మామూలుది 107 ఉంటే ఇది 115. టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడేమో "అక్కా, ఇక్కడ మేం 87 పోయించే తిరుగుతున్నాం, నీకు 95 ఎందుకు?" అని నవ్వుతున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఇప్పుడు మళ్లీ మామూలు పెట్రోల్‌కు మారితే ఇంజిన్ పాడవుతుందేమోనని ఇంకో టెన్షన్.
– ఒక టీచర్, హన్మకొండ

సమాధానం: మేడం, మీ కారుకు మామూలు పెట్రోల్ చాలు. మీ మరిది గారి మాటలో కొంత నిజం ఉంది. మీ తమ్ముడు చెప్పింది కూడా సరైనదే కానీ, చూపించిన లెక్క సరైంది కాదు. అసలు ఈ తగాదా మీరే తీర్చేశారు. నాలుగు నెలలు పవర్, అంటే ప్రీమియం పెట్రోల్, పోయించినా మైలేజీ 17 దగ్గరే ఉందని మీ ఉత్తరంలోనే రాశారు కదా.

ముందు మామూలు పెట్రోల్‌కు చెప్పే 91, ప్రీమియానికి చెప్పే 95 నంబర్ల సంగతి చూద్దాం. దీన్ని ఆక్టేన్ నంబర్ అంటారు. నంబరు పెద్దదైతే పెట్రోల్‌లో బలం ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. అది బలం లెక్క కాదు. ఇంజిన్ లోపల గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి వచ్చి గట్టిగా నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్ వేసే నిప్పురవ్వ దగ్గర మొదలై మంట వరసగా పాకాలి. అలా కాకుండా, మంట ఇంకా చేరకముందే ఓ మూలన ఉన్న మిశ్రమం ఆ వేడికి, ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటే లోపల టకటకమని శబ్దం వస్తుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దాన్నే. అలా ముందే అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ నంబర్. 95 పెట్రోల్ 91 కంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, అంతే. దానివల్ల లీటరులో ఉండే శక్తి పెరగదు.

కాబట్టి ఎంత నంబరు కావాలో తేల్చేది ఇంజిన్ డిజైన్. మీ కారు మాన్యువల్ తీసి ఇంధనం పేజీ చూడండి, 91 లేదా అంతకంటే ఎక్కువ అని ఉంటుంది. 91తో నాకింగ్ రాకుండా నడిచేలా చేసిన ఇంజిన్‌లో 95 పోస్తే, ఎనిమిదో నంబరు కాలికి పదో నంబరు చెప్పు తొడిగినట్టే. అంతమాత్రాన నడక వేగం పెరగదు.

ఇక మీ తమ్ముడి 87. అమెరికా బంకుల మీద రాసే నంబరు, మన దగ్గర రాసే నంబరు ఒకటి కాదు. ఆక్టేన్ కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. మన దేశంలో ఒకదాని ఫలితాన్నే రాస్తారు, అదే ఆర్‌ఓఎన్. అమెరికాలో ఆ రెండింటి సగటు రాస్తారు, అది ఎప్పుడూ కొన్ని అంకెలు తక్కువే వస్తుంది. వాళ్ల 87 మన లెక్కలో సుమారు 91. అంటే మీ తమ్ముడు టెక్సాస్‌లో పోయిస్తున్నదీ, మన మామూలు పెట్రోల్‌కు మొన్నటిదాకా ఉన్న కనీస ప్రమాణమూ దాదాపు ఒకటే. ఈసారి వీడియో కాల్‌లో ఈ మాట చెప్పండి, నవ్వడం మీ వంతు అవుతుంది.

అమెరికా ప్రస్తావన వచ్చింది కనుక అక్కడిదే ఇంకో విషయం. ఏఏఏ అని అక్కడ వాహనదారుల పెద్ద సంఘం ఒకటుంది. మామూలు పెట్రోల్ చాలని కంపెనీ చెప్పిన కార్లలో ప్రీమియం పోసి 2016లో పరీక్షలు చేయించింది. పవర్‌లో గానీ, మైలేజీలో గానీ, పొగలో గానీ చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మరుసటి ఏడాది, ప్రీమియం పోస్తే మంచిదని కంపెనీయే సిఫారసు చేసిన కార్ల మీద కూడా చూశారు. వాటిలో మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. ఇప్పుడు మీ లెక్క చూడండి. 107 ఎక్కడ, 115 ఎక్కడ, తేడా ఏడున్నర శాతం. ఆ ఎనిమిది రూపాయలు తిరిగి రావాలంటే మీ 17 కాస్తా 18.3 కావాలి. రాలేదు. మీ తిరుగుడుకు నెలకు వంద లీటర్ల దాకా పడుతుంది, అంటే నెలకు ఎనిమిది వందలు. వేసవి సెలవులు తీసేసినా ఏడాదికి ఎనిమిది వేలు.

మన దగ్గర ఇంకో కొత్త సంగతి కూడా ఉంది. బంకులో ఇది ఎవరూ చెప్పరు. ఇప్పుడు పోస్తున్న మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది, ఈ20 అంటున్నది దాన్నే. ఇథనాల్ ఆక్టేన్ చాలా ఎక్కువ, 108 దాకా ఉంటుంది. అది కలవడం వల్ల మామూలు పెట్రోల్ ఆక్టేనే దాదాపు 95కు చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో ఉంది. అంటే 95 అని బోర్డు పెట్టి అమ్మే ప్రీమియానికీ, పక్క పంపులోని మామూలు దానికీ ఆ నంబరులో ఉన్న తేడా కూడా చాలావరకు పోయింది. మీ ఇంజిన్ అడగని నంబరు, పైగా మామూలు దాంట్లోనే దాదాపుగా దొరుకుతున్న నంబరు. దానికి మీరు లీటరుకు ఎనిమిది రూపాయలు కడుతున్నారు.

ప్రీమియం పోయిస్తే బండి మారిపోతుందనే నమ్మకం గాలిలోంచి పుట్టలేదు లెండి. కార్బురేటర్ బళ్ల కాలంలో ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, మెకానిక్ చేత్తో తిప్పి పెట్టేవాడు, పెట్రోల్ ఆక్టేన్ ఇప్పటికంటే తక్కువగా ఉండేది. ఎక్కువ ఆక్టేన్ పోస్తే టకటక ఆగేది, తేడా చెవికే తెలిసేది. 2000ల మొదట్లో స్పీడ్, పవర్ లాంటి పేర్లతో ప్రీమియం పెట్రోళ్లు వచ్చినప్పుడు రోడ్ల మీద అలాంటి బళ్లు ఇంకా చాలా ఉండేవి. ఇప్పటి ఇంజిన్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. నాకింగ్ మొదలైతే అది పసిగట్టి కంప్యూటర్‌కు చెప్తుంది, కంప్యూటర్ నిప్పురవ్వ పడే సమయాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది. మనకు శబ్దం వినిపించేలోపే ఆ పని అయిపోతుంది.

మీ మరిది గారి మాటలో నిజం ఉందన్నది క్లీనింగ్ విషయంలో. ప్రీమియం పెట్రోల్‌లో మసి, జిగురు పేరుకోకుండా చూసే అడిటివ్‌లు కలుపుతారు. మీ ఇంజిన్‌లో ఇంజెక్టర్ పెట్రోల్‌ను వాల్వుకు ముందు చల్లుతుంది కాబట్టి ఆ అడిటివ్ వాల్వుల మీదుగానే పోతుంది, కొంత పనిచేస్తుంది కూడా. కానీ అది నెమ్మదిగా జరిగే పని. రోజూ డెబ్బై కిలోమీటర్లు హైవే మీద నడిచే కారులో మసి అంత త్వరగా పట్టదు. మసి పట్టేది ఎక్కువగా హన్మకొండ చౌరస్తా నుంచి సుబేదారికి, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి, ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోయే బళ్లకు. అంత మనసు పీకుతుంటే మూడు నాలుగు నెలలకోసారి ఒక ట్యాంకు ప్రీమియం పోయించుకోండి, కాదనను. ప్రతి ట్యాంకూ అక్కర్లేదు.

ఇథనాల్ గొడవ ఉండదన్న మాట మాత్రం తప్పు. 95 ఆక్టేన్ ప్రీమియంలో కూడా ఇథనాల్ కలిసే వస్తుంది. ఇథనాల్ లేకుండా దొరికేది 100 ఆక్టేన్ రకం. అది పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే ఉంటుంది, ధర లీటరుకు 150 పైమాటే. దాని కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన కారు కాదు మీది. ఇథనాల్ గురించి మీరు నిజంగా చేయాల్సింది వేరే ఉంది. మీది 2021 కారు, ఈ20 కోసం చేసిన కార్లు 2023 ఏప్రిల్ నుంచి వచ్చాయి. అందుకని సర్వీసుకు ఇచ్చినప్పుడు పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు, గాస్కెట్లు చూడమని ప్రత్యేకంగా చెప్పండి. పగుళ్లు, చెమ్మ, పెట్రోల్ వాసన ఏది కనిపించినా మార్పించేయండి. అవి పెద్ద ఖర్చు కాదు. సెలవుల్లో కారును నెలల తరబడి కదలకుండా పెట్టడం కూడా మంచిది కాదు, ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది.

ఇక మీ అసలు బాధ 19 నుంచి 17కు పడిన మైలేజీ. అందులో కొంత ఇథనాల్ పద్దులో వేయాల్సిందే. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. మీరు కారు కొన్న నాటికే పెట్రోల్‌లో పది శాతానికి దగ్గరగా ఇథనాల్ కలుస్తోంది, ఇప్పుడు 20 అయింది. ఆ పెరిగిన వాటాకు మూడు నాలుగు శాతం మైలేజీ పోతుందనుకున్నా, 19 ఉన్నది 18 పైనే ఆగాలి. మిగిలిన కిలోమీటరు, ఆ పైన కొంత, మీ కారులోనే ఎక్కడో పోతోంది. దాన్ని బంకులో వెతికితే దొరకదు.

మొదట టైర్లు చూడండి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీద ఎంత గాలి ఉండాలో స్టిక్కర్ ఉంటుంది. గాలి పొద్దున్నే, బండి నడవకముందు చూపించాలి. పరకాల నుంచి ఎండలో వచ్చి ఆపి చూపిస్తే టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది, ఉన్నట్టే అనిపిస్తుంది, నిజానికి తక్కువ ఉంటుంది. ఈమధ్య టైర్లు మార్చి ఉంటే అదే సైజు వేశారా, వెడల్పువి వేశారా అన్నది కూడా చూసుకోండి.

తర్వాత బ్రేకులు. ఇంటికి చేరి కారు ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చేయి అడ్డం పెట్టి చూడండి. డిస్కును, రిమ్మును మాత్రం ముట్టుకోవద్దు, కాలుతుంది. ముందు రెండు చక్రాలు వెనక వాటికంటే వేడిగా ఉండటం మామూలే. కానీ ఎడమకూ కుడికీ తేడా ఉండి, ఒక చక్రం దగ్గర సెగ మరీ ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదన్నమాట. ఇలా ఒక చక్రం పట్టుకుని నడుస్తుంటే పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, డ్రైవర్‌కు మాత్రం ఏమీ తెలియదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

పికప్ తగ్గిందన్నారు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ తీయించి చూడండి. మీరు తిరిగే రోడ్డులో భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బొగ్గు లారీలు, ఇసుక లారీల వెనక రోజూ దుమ్ము తింటున్నారు. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు ఆ దుమ్మును లెక్కలో వేసుకుని రాసినవి కావు. ఫిల్టర్ మూసుకుపోతే ఇప్పటి ఇంజిన్లలో ముందు దెబ్బతినేది మైలేజీ కాదు, పికప్. స్పార్క్ ప్లగ్గుల సంగతీ అడగండి. రోజుకు డెబ్బై చొప్పున మీ కారు ఈపాటికి అరవై, డెబ్బై వేలు దాటి ఉంటుంది. ప్లగ్గులు మార్చినట్టు సర్వీసు బిల్లుల్లో లేకపోతే మార్పించాల్సిన సమయం వచ్చినట్టే. క్లచ్ కూడా ఒకసారి చూడమనండి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతూ బండి మాత్రం అంత వేగం అందుకోకపోతే క్లచ్ జారుతోందని అర్థం.

అన్నట్టు, ఆ 17 మీటర్ మీద చూసి రాశారా, ట్యాంకు లెక్క కట్టి రాశారా? మీటర్ చూపించేది అంచనా. ఒకే బంకులో నాజిల్ తనంతట తాను కట్ అయ్యేదాకా పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అక్కడే అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. రెండు మూడు ట్యాంకులు ఇలా చూస్తే గానీ అసలు లెక్క తేలదు. కట్ అయ్యాక "ఇంకొంచెం పట్టుద్ది మేడం" అని రౌండ్ ఫిగర్ చేస్తామంటారు, ఒప్పుకోవద్దు.

ప్రీమియం ఎవరికీ వద్దని నేననడం లేదు. పెట్రోల్ మూత తెరిచినప్పుడు లోపల 95 అనో 98 అనో స్టిక్కర్ ఉంటే అది పాటించాల్సిందే. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు పెట్రోల్ దగ్గర పొదుపు చేయడం అనవసరం. చిన్న టర్బో ఇంజిన్ కార్లు ఇప్పుడు చాలా వచ్చాయి. టర్బో గాలిని ముందే ఒత్తి పంపుతుంది కాబట్టి నాకింగ్ భయం వాటికి కొంచెం ఎక్కువ. మాన్యువల్‌లో 95 మంచిది అని ఉంటే, ఎండాకాలంలో నిండా జనంతో దూరం పోయేటప్పుడు పోయించుకోవచ్చు. అయితే వీటిలో చాలా ఇంజిన్లు డైరెక్ట్ ఇంజెక్షన్‌వి. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వును తాకదు. కాబట్టి వాల్వులు క్లీన్ అవుతాయని ఎవరైనా చెప్తే అలాంటి కార్లు ఉన్నవాళ్లు నమ్మనక్కర్లేదు.

మీలాంటి కారుకూ ఒక సందర్భం ఉంది. మన మే నెల ఎండ మీకు చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం, ఏసీ వేసి, ఐదుగురు కూర్చుని, డిక్కీలో సామానుతో కాజీపేట బ్రిడ్జి మూడో గేరులోనే ఎక్కించబోతే సన్నగా ఇనుము తగిలినట్టు టకటక వినిపించవచ్చు. లోపలికి వచ్చే గాలి వేడిగా ఉండటం, బరువు, తక్కువ వేగంలో పెద్ద గేరు, ఈ మూడూ నాకింగ్‌ను పిలుస్తాయి. ముందు రెండో గేరుకు దించండి. చాలాసార్లు అక్కడికే ఆగిపోతుంది. గేరు మార్చినా శబ్దం వస్తుంటే ఒక ట్యాంకు ప్రీమియం పోయించి చూడండి. దాంతో తగ్గినా అక్కడితో వదిలేయకుండా బండిని మెకానిక్‌కు చూపించండి, ఎందుకంటే 91తో నడవాల్సిన ఇంజిన్ నడవడం లేదంటే లోపల మసి గానీ, కూలింగ్ సమస్య గానీ ఉండొచ్చు. మేడారం జాతరకు ఇలా నిండా జనంతో పోయేవాళ్లంతా ముందే కూలెంట్ చూపించుకుంటే మంచిది.

పెట్రోల్ మీదే అనుమానం ఉంటే బంకు మార్చి చూడండి, రకం మార్చడం తర్వాత. ఫిల్టర్ పేపర్ మీద రెండు చుక్కలు వేసి చూపించమని అడిగే హక్కు మీకుంది. చుక్క ఆరిపోయాక మరక మిగలకూడదు. కొలత మీద అనుమానమైతే ప్రతి బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, దాంట్లో పోసి చూపించమనండి. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. పోసేటప్పుడు సున్నాతో పాటు లీటరు ధర అంకె కూడా చూసుకోండి. "నార్మల్" అని మీరు చెప్పినా చేతికి దగ్గరగా ఉందని పక్క నాజిల్ తీసేవాళ్లు ఉంటారు.

చివరగా మీ టెన్షన్ సంగతి. ప్రీమియం మానేస్తే ఇంజిన్‌కు ఏమీ కాదు. అది అలవాటు పడే వస్తువు కాదు. ట్యాంకులో ఉన్న ప్రీమియం అయిపోయేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, సగం ఉండగానే మామూలుది కలపొచ్చు, రెండూ కలిసి మధ్యలో ఏదో ఒక ఆక్టేన్‌కు వస్తాయి. రేపు పరకాల పోతూ దారిలో ఆపినప్పుడు "నార్మల్ పోయండి" అని చెప్పేయండి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూపించాక రెండు ట్యాంకుల లెక్క కట్టి ఎంత వచ్చిందో రాయండి. అప్పటికీ 18కి రాకపోతే బ్రేకులు, క్లచ్ సంగతి వివరంగా చూద్దాం.